ఏడో వంతు

కంటాపరేషనయ్యాక
ముందు తిరిగొచ్చింది నీలం.
నర్సమ్మ జేబులో పెన్ను మూత,
మెట్ల పక్కన ఫినాయిలు డబ్బా,
గంటస్తంభం దగ్గర ఆటో మీద టార్పాలిన్.
ఇన్నేళ్లూ అవన్నీ బూడిదరంగే అనుకున్నాను,
లోకం వెలిసిపోతోందనుకున్నాను.
వెలిసింది నా కన్నట.

ఇంటికొచ్చి మంచం కింద ట్రంకుపెట్టె లాగాను.
వంగొద్దన్నారు డాక్టరు, అంది సన్యాసమ్మ.
వంగాను.

ఎనభై ఏడు నాటి పేపర్లో చుట్టి
నాలుగు వందల పన్నెండు మంది
నెపోలియన్ కాలపు సిపాయిలు,
ఒక్కొక్కడూ చిటికెన వేలి కణుపంత.
కోట్లు ఇంకా నీలంగానే ఉన్నాయి.
నేను వేసిన నీలమే.

కంపోజిటర్ని.
అరిగిన టైపు కిలోల్లెక్కన అమ్మేసేవాడు ఓనరు,
గుప్పెడు నాకు వదిలి.
కిరసనాయిలు స్టవ్ మీద, ఇనప గరిటెలో
కొమ్ము విరిగిన ఘ, ఒత్తు ఊడిన ఠ,
శుభలేఖల్లో వెయ్యిసార్లు నిలబడి అలిసిన శ్రీ
కరిగి, అచ్చులో దిగి,
తుపాకీ భుజానేసుకుని లేచేవి.
సున్నాలు ఎప్పుడూ మిగిలేవి.
ఫిరంగి గుండ్లు అవే.

బొబ్బిలి పక్కనే పెట్టుకుని
ఎక్కడిదో వాటర్లూ దేనికయ్యా అనేవారు ప్రెస్సులో.
బొబ్బిలి మీద ఈ జిల్లాలో ఆట ఆడలేం నాయనా,
ఓడినవాళ్ల మునిమనవలు బస్సులో పక్కసీట్లో కూచుంటారు.
బెల్జియం నుంచి నిలదీయడానికి ఎవడొస్తాడు?

పెట్టె అడుగున ఆట పుస్తకం.
ఆఖరి పేజీ, నా రాతే:
ఏడో వంతు. ఫ్రెంచి గుర్రాలు ముందుకి.
తవిటయ్య ఒప్పుకోలేదు.

అర అంగుళం.
గుర్రం ముట్టె దగ్గర్నుంచి కొలవాలని నేను,
తోక దగ్గర్నుంచని వాడు.
స్కేలు నేలకేసి కొట్టి చెప్పులేసుకున్నాడు.
తర్వాత ముప్ఫై ఆరేళ్లు.
వాళ్ల జనపమిల్లు మూసేశారు, తెరిచారు, మళ్లీ మూసేశారు.
మా ప్రెస్సులోకి కంప్యూటరొచ్చింది.
అక్షరాల్ని తిరగేసి చదవడం నాకింకా వచ్చు.
ఎవరికీ అక్కర్లేదు.

ఒళ్లో చెప్పుల అట్టపెట్టెతో
నెల్లిమర్ల బస్సెక్కాను.

అరుగు మీద వల కుట్టుకుంటున్నాడు.
తలెత్తకుండానే, "ఏటి, కొలతకొచ్చినావా?"
నీ సైన్యం ఏదిరా అన్నాను.
వల అంచు ఎత్తి చూపించాడు.
సీసం గుళ్లు.
ఇంగ్లీషు పటాలమంతా
చంపావతిలో పరిగెలు పడుతోంది.
"ఓ ఏడు వల తెగిపోనాది. ఇంట్లో ఇంకేటుంది సీసం?"
ఒక గుండుకి మాత్రం
టోపీ అంచులాంటిది మిగిలే ఉంది.
దాన్ని బొటనవేలితో రుద్దుతూ కాసేపు ఊరుకున్నాడు.

లోపలికెళ్లి దోసెడు చింతపిక్కలు తెచ్చాడు.
"ఎర్రకోట్లు" అన్నాడు.
నిజమే, ఎరుపే,
ఆపరేషన్ కాకముందైతే నల్లగా ఉన్నాయని పోట్లాడుదును.

గోనెపట్టా పరిచి సైన్యాల్ని నిలబెట్టేసరికి
గంటన్నర.
నా చెయ్యి వణుకు, వాడి మోకాళ్లు.
మన చెయ్యి తగిలి పడినవాణ్ణి
చచ్చినట్టు లెక్కెయ్యకూడదని
మొదటి కొత్త రూలు రాసుకున్నాం.
అప్పటికే పదకొండు మంది పడ్డారు.

ఏడో వంతు. గుర్రాలు ముందుకి.
స్కేలు పెట్టాను.
తవిటయ్య కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
ముక్కు పట్టాకి ఆనేలా వంగి
గుర్రం తోక మీద గోరు పెట్టాడు.
"ఇక్కణ్నుంచి."

ఆఖరి బస్సు ఎనిమిదింటికి.