ఒక చెయ్యి జేబులో

గ్లాస్గోలో రైలు వంతెన కింద కొట్టు.
పైన బండి పోతే గిన్నెలో స్క్రూలన్నీ గలగలమంటాయి.
మొరాగ్ గిల్‌క్రిస్ట్ నాకు నేర్పిన మొదటి పాఠం:
"వెనక రేకు విప్పితే ఎడమ చెయ్యి జేబులో ఉండాలి.
ప్లగ్గు పీకేశాం కదా అనుకోకు.
కెపాసిటర్లకు మతిమరుపు లేదు.
రెండో చెయ్యి దొరికిందా, దారి గుండె మీదుగానే."

రెండో పాఠం టీ తాగుతూ చెప్పింది.
అయస్కాంతం మీద తీగ వణికితే చీమంత కరెంటు.
దాన్నే పెద్దది చేస్తామంటారు అందరూ. కాదు.
చీమ చీమగానే ఉంటుంది,
గోడలో ఉన్న ఏనుగు
దాని నడక నేర్చుకుంటుంది, అంతే.
చివర ఓ కాగితపు గరాటు గాలిని తోస్తుంది.

మంగళవారం పెళ్లిళ్ల బ్యాండు డూగల్ వచ్చాడు.
ట్రాన్సిస్టర్ పెట్టె. వానలో తడిసింది,
వ్యాన్లోంచి రెండుసార్లు పడింది,
అయినా నొక్కగానే పలుకుతుంది, పని ఎగ్గొట్టదు.
మోతాదు మించితే మాత్రం
వాల్వులా జీరపోవడం దానికి రాదు,
కత్తెరతో కత్తిరించినట్టు అరుస్తుంది.

ఆ సాయంత్రమే కాలేజీ పిల్ల ఏలీ.
అరచేతిలో పట్టే పెట్టె, అందులో వంద ఆంప్లిఫయర్ల వేషాలు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కింది ఇంటివాళ్లకు నిద్ర.
"అన్నీ దొంగ గొంతులే" అన్నాను.
మొరాగ్ కసిరింది: "వేషం కట్టడం తేలికా? ఒక్కటి కట్టి చూడు."
దాని జబ్బు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మాకు చేతకాలేదు.

శుక్రవారం ముసురు.
ఇషబెల్ మక్‌ఫీ, పసిపిల్లల తోపుడుబండిలో
తమ్ముడి వాల్వు ఆంప్లిఫయర్ని తోసుకుంటూ వచ్చింది.
ఇద్దరం ఎత్తినా నా నడుం పట్టేసింది.
పదకొండేళ్లు మెట్ల కింద ఉందట.
మొరాగ్ తొందరపడలేదు.
ఇన్నేళ్లు పడుకున్నదానికి కరెంటు
ఉగ్గుపాలలా పట్టాలంది,
చుక్క చుక్కగా, గంటన్నర.
ఫ్యూజు ఒకటి మార్చాం.
గాజు బుడ్లలో నారింజ రంగు లేచింది,
గదిలో ఎక్కడో తుమ్మెద దూరినట్టు ఓ హోరు.

ఆ వేడికి
స్పీకరు గుడ్డలోంచి పొగాకు వాసన.
మొరాగ్ తాగదు. నేనూ తాగను.
ఇషబెల్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.
గిటార్ తెచ్చి తగిలించబోతే వద్దంది.
"ఇలాగే ఉండనివ్వండి కాసేపు."
ఉండనిచ్చాం. పైన రెండు బళ్లు పోయాయి.

బిల్లులో మొరాగ్ రాసింది ఫ్యూజు ఖరీదు ఒక్కటే.
ఆపేశాక, ఇంకా వెచ్చగా ఉన్న చెక్క మీద
చెయ్యి వేసి నిలబడింది ఇషబెల్,
రెండో చెయ్యి కోటు జేబులో.
తోపుడుబండి చక్రం కీచుమంటోంది.
నూనె నేనే వేశాను.