బారెడు మందం గోడ

జిరోకాస్తర్‌లో దొంగని ఆపేది తాళం కాదు, గోడ.
రాతి మీద రాయి, బారెడు మందం.
ఒక గదిలో గొంతు చించుకున్నా
పక్క గదికి చేరేది దగ్గు మాత్రమే.

ఆ గోడకి ఇవతల లుంతురియే గారి బల్ల.
బల్ల కింద, మునిసిపాలిటీ వాళ్లు పారేయబోతే
అడిగి తెచ్చుకున్న డెస్క్‌టాప్,
పసుపెక్కిన డబ్బా, గురక పెడుతూ.
అవతల నడవలో, కోట్లు తగిలించే కొక్కేనికి
రౌటర్, మూడు ఆకుపచ్చ కళ్లు.
వైరు లాగుదాం అన్నాను.
"ఈ గోడకి మేకు దిగాలంటే మా తాతని అడగాలి" అంది.
"బతికున్నప్పుడే ఒప్పుకోలేదు."

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె వాన కొలుస్తోంది.
పొద్దున్న ఏడింటికి పెరట్లో రేకు గొట్టం వంచి
గాజు గొట్టంలో మిల్లీమీటర్లు చదివి
తిరానా ఆఫీసుకి ఫోన్‌లో చెప్పడం.
ఈ నెల నుంచీ అక్కడ ఫోను ఎత్తరట,
అంకెలు కంప్యూటర్లోనే పంపాలట.
"వానకి చెప్పారా ఈ రూలు?" అని నన్ను నిలదీసింది.
నేను రిపేరు వాణ్ణి.
నోరు మూసుకుని స్క్రూలు విప్పాను.

లోపల వైర్‌లెస్ కార్డు లేదు.
గోరంత అడాప్టర్ ఒకటి వెనకాల గుచ్చాను.
డబ్బా దాన్ని ఎగాదిగా చూసి
డ్రైవర్ కావాలంది.
సీడీ ఉంది, కానీ ఈ డబ్బాకి నోరు ఎప్పుడో పడిపోయింది.
డ్రైవర్ నెట్‌లో ఉంది.
నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి.
పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు.

చివరికి నా ఫోనుకి తాడు కట్టి
కాసేపు నెట్ అప్పిచ్చాను.
నీలం గీత పాకింది, పాకింది,
తొంభై తొమ్మిది దగ్గర కూర్చుండిపోయింది.
మేమూ కూర్చున్నాం.
కాఫీ, గిన్నెలో పాకం పట్టిన లేత అక్రోటు కాయలు.

అప్పుడు తెర మీద ఇరుగుపొరుగంతా వరసగా నిలబడ్డారు:
కోట కింది కేఫ్, బాష్కిమ్ మేడ, తాకొద్దు.
"తాకొద్దు ఎవరు?"
"ఎదురింటి స్కెందర్. ఇంకెవరు!
పదేళ్లయింది మాటల్లేక. వాడు నా ఇంట్లోకి ఎలా వచ్చాడు?"
"కిటికీలోంచి. మీ నెట్ కన్నా రెండు గీతలు ఎక్కువే ఉన్నాడు."
కిటికీ వైపు చూసింది. మూయలేదు.

రౌటర్ అడుగున పాస్‌వర్డ్, సగం అరిగింది.
కె, ఏడు, తర్వాత ఒక గుండ్రం.
ఓ అని కొట్టాను. కాదంది.
పెద్ద ఓ. కాదంది.
ఆమె కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది.
"సున్నా."
"ఎలా తెలుసు?"
"ముప్పై ఒక్క ఆగస్టులు రాశాను నాయనా.
సున్నాకి నడుము సన్నం."

ఒక్క గీత వెలిగింది.
బల్లని అటు జరిపితే రెండో గీత,
కాకపోతే స్కెందర్ కిటికీకి ఎదురుగా కూర్చోవాలి.
కాసేపు ఆలోచించి, బల్లకి అటు చివర తనే పట్టుకుంది.

తేదీ. స్టేషను నంబరు. వర్షపాతం.
చూపుడువేలితో సున్నా కొట్టి
ఓ కాదు కదా అని ఇంకోసారి సరిచూసుకుని
పంపింది.
ఏమీ పడలేదన్న కబురు
బల్ల దాటి, నడవ దాటి,
ద్రీనో లోయ మీదుగా వెళ్లిపోయింది.

బిల్లులో కూలి గడి దగ్గర సున్నా చుట్టబోయాను.
పెన్ను పట్టుకుని ఆపింది.
"కొలవకుండా సున్నా రాయకూడదు" అంది.
పన్నెండు వందల లేక్‌లు, చిల్లరతో సహా.

వీధి మెట్లు దిగుతుంటే
నా మణికట్టు మీద ఒక చినుకు.
పైకి చూశాను. ఇంకోటి.
వెనక్కి వెళ్లి చెప్పలేదు.
రేపు ఏడింటికి ఎలాగూ దొరుకుతుంది.