ఏడో గడి

మలక్‌పేటలో నా దుకాణం.
ఒక జిరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు,
కరెంటు పోతే మూలిగే ఇన్వర్టరు.
ఆధార్‌లో అచ్చుతప్పులు, తెల్లకార్డులో పుట్టిన తేదీలు
పదకొండేళ్లుగా ఇక్కడే దిద్దుతున్నాను.
జంతువులు మాత్రం ఈ నెల నుంచే వస్తున్నాయి.

బయటిదేశపు ప్రాణుల మీద కొత్త చట్టం వస్తుందట.
ఇంకా ముసాయిదాయే.
కానీ ఈ ఊళ్లో మూసీ కంటే ముందు పుకారు పొంగుతుంది.
బుట్టల్లో, బిర్యానీ డబ్బాల్లో, దిండు గలీబుల్లో
తెచ్చి నా బల్ల మీద పెడుతున్నారు.
"ఫోటో చాలమ్మా, దాన్ని తేనక్కర్లేదు" అంటే
వినరు.

సువర్చలమ్మ ముషీరాబాద్ డిపోలో కండక్టరుగా చేసి దిగిపోయింది.
ఆమె బూడిదరంగు చిలక నా ప్రింటర్ మీద వాలి
"రైట్ రైట్, లోపలికి జరగండి" అంటే
వరుసలో ఉన్నవాళ్లు నిజంగానే జరిగారు.
"రసీదు ఉందా?" అన్నాను.
"ముర్గీచౌక్‌ల కోడికే రసీదియ్యరు బిడ్డా, చిలకకిస్తరా?"
కాసేపాగి, గొంతు తగ్గించి,
"ముప్పయ్యేండ్లు టికెట్ లేనోళ్లను దింపిన.
గిప్పుడు నా ఇంట్లనే
టికెట్ లేని పాసింజరు."

కొంపల్లి హాస్టలు నుంచి ప్రద్యుమ్న.
గలీబులో చుట్టలు చుట్టుకున్న కొండచిలువ పేరు జిలేబీ.
వార్డెన్‌కి తెలియని సంగతి
సర్కారుకి రాసిస్తున్నానని వాడికి చెమటలు.
పాముకి మాత్రం ఏమీ పట్టలేదు.
అది నా మౌసు వెచ్చదనం వెతుక్కుంది.

ఏడో గడి దగ్గర అందరూ ఆగుతారు.
మూల దేశం.

బార్కస్ నుంచి అవద్ సాబ్ ఆటోలో తాబేలుతో దిగాడు.
నాన్న షార్జా నుంచి లుంగీలో చుట్టి తెచ్చాడట,
నలభయ్యేళ్ల కింద.
"షార్జాకు యాడికెల్లి వచ్చిందో దానికే తెల్వాలె.
మా ముత్తాతలు యెమెన్ నుంచి నిజాం ఫౌజుకొచ్చిన్రు.
ముందు నాది రాయి బేటా,
దానిది తర్వాత చూద్దాం."
నవ్వాడు. నేనూ నవ్వాను.
గడి నవ్వలేదు. ఎర్రగా మారింది.

చట్టాన్ని తిట్టమంటారు వీళ్లంతా.
తిట్టలేను.
ఆర్నెల్ల కింద కస్టమ్స్ కానిస్టేబులు ఒకతను
పంచనామా కాగితాలు నకలు తీయించుకున్నాడు.
సాక్సుల్లో కుక్కిన పిల్లపిట్టలు, ముక్కులకి టేపు.
మొత్తం ఇరవయ్యారు. బతికినవి తొమ్మిది.
నలుపుతెలుపులో తీశాను, రంగుకి డబ్బులెక్కువని.
అయినా ఆ రోజు డబ్బా విప్పకుండానే
ఇంటికి తీసుకెళ్లాను.

సువర్చలమ్మ చిలకకి
తోబుట్టువులు ఎందరు ఉండేవో
ఏ గడీ అడగదు.

రాత్రి షట్టరు సగం దించి
నా పేరుతో ఫారం తెరిచాను.
నుమాయిష్‌లో నూట ఇరవైకి కొన్నాం,
రూపాయి బిళ్లంత ఉండేది,
చెవి పక్కన ఎర్ర చార.
మా చిన్నది "బొట్టు" అని పేరు పెట్టింది.
ఇప్పుడు అన్నం పళ్లెమంత అయింది.
"సరూర్‌నగర్ చెరువుల ఇడ్సెయ్, ఎవడు చూస్తడు" అన్నాడు బామ్మర్ది.
చెరువు చూస్తుంది.
అందులో ముందు నుంచీ ఉన్నవి చూస్తాయి.

పేరు రాశాను. చిరునామా రాశాను.
పొడవు టేపుతో కొలిచి రాశాను.
ఏడో గడిలో ముల్లు మిణుకుమంటోంది.
"సమయం మించిపోయింది, మళ్లీ మొదలుపెట్టండి."

ఫోటో చాలని నాకు తెలుసు.
అయినా బకెట్లో వేసుకుని
తెచ్చుకున్నాను.