తాలు

ఉమెయోలో నది వైపు ఆఫీసు, మూడో అంతస్తు.
మా కొత్త వడపోత పనిలోకి దిగిన పన్నెండో రోజు
సోర్సెలె నుంచి ఆల్ఫిల్డ్ అనే ఆవిడ ఫోన్ చేసింది.
"మా తమ్ముడి ఊపిరిని ఏం చేశారు?" అంది.

ఫిర్యాదుల పట్టికలో ఆ గడి కోసం వెతికాను.
గరగర ఉంది, ప్రతిధ్వని ఉంది,
మాట తెగిపోవడం ఉంది.
ఊపిరి లేదు.

ఈ ఉత్తరాది మనుషులు అవునని నోటితో అనరు.
పెదాలు సున్నా చుట్టి
చటుక్కున గాలి లోపలికి లాగుతారు.
వేడి కాఫీ అంచున జుర్రినట్టు, అంతే.
అదే వాళ్ళ ఊ కొట్టడం.
పెళ్ళికీ అదే, కలప బేరానికీ అదే.
కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు,
ఎక్కడైనా నొప్పి పుట్టిందా అని.

"పడవ అమ్మేద్దామా ఏగన్, అన్నాను.
ఏమీ లేదు.
నా మీద కోపం పోయిందా, అన్నాను.
ఏమీ లేదు.
ఫోన్ పెట్టేశాను.
మర్నాడు మంచు తోసే బండి వేసుకుని
తొంభై కిలోమీటర్లు వచ్చాడు.
గుమ్మంలో నిలబడి
అవుననే అన్నాను కదా అని అరిచాడు.
పుట్టి బుద్ధెరిగాక వాడు నోరు తెరిచి
ఆ మాట అనడం అదే మొదలు.
నాకు భయమేసింది, అమ్మాయ్."

సాయంత్రం అందరూ వెళ్ళాక
గాలి లోపలికి లాగి, నేనే ఒక ఊ రికార్డు చేసి
వడపోతలో పోశాను.
తెర మీద గీత:
మాట ఉన్నచోట గుట్ట,
ఊ ఉన్నచోట చదును.

చేట తప్పేమీ లేదు.
గింజ బరువు దానికి చూపించింది నేనే.
తేలికైనదల్లా తాలని చెప్పిందీ నేనే.
మాల్మోలో పుట్టినదాన్ని,
అవుననడానికి నోరు తెరిచేదాన్ని.
తొమ్మిదేళ్ళు టూరె పక్కన ఆ ఊ వింటూ బతికి కూడా
దాన్ని తాలులో కలిపాను.

హోల్గర్ ఒప్పుకోలేదు.
"వాడేవాళ్ళ చేతికి మీటలిస్తే
ఉన్నది పాడుచేసుకుని మనల్నే తిడతారు."
కూరలో ఉప్పు వంటవాడే వేస్తాడు, సరే,
ఉప్పు డబ్బా బల్ల మీద పెట్టడానికి
ఏం రోగం, అన్నాను.
నా గొంతు నాకే కాస్త ఎక్కువగా వినిపించింది.

చివరికి తెర మీద ఒక గీత, గీత మీద జరిపే చుక్క.
ఒక కొసకి 'స్వచ్ఛం' అని పేరు పెట్టాం.
రెండో కొస దగ్గర మూడు వారాలు ఆగిపోయాం.
'మురికి' అన్నాడు హోల్గర్, నవ్వుతూనే.
'ముడి' అన్నారు ఇంకెవరో.
ఆల్ఫిల్డ్‌ని అడిగాను.
"అంతా," అంది.
అలాగే రాశాం.

చుక్క నా ఫోన్‌లోకి వచ్చిన రాత్రి
మంగళవారం పాపని ఎవరు తేవాలో అడగడానికి
టూరెకి ఫోన్ చేశాను.
చుక్కని ఆ కొసకి జరిపాను.

అంతా వచ్చింది.
కుళాయి. చెంచా.
కిటికీకి మంచు రాసుకుంటున్న చప్పుడు.
నేను ఏరి కొన్న చెక్క నేల కిర్రు,
ఆ కిర్రు మీద
అతనివి కాని అడుగులు, ఉత్త పాదాలు.

"మంగళవారం నువ్వేగా?"
గాలి లోపలికి లాగాడు.
ఎంత స్పష్టంగా వినబడిందో!
ఒక ఉద్యోగినిగా గర్వపడ్డాను కూడా.

వేలు దానంతటదే
చుక్కని స్వచ్ఛం వైపు తోసింది.
అడుగులు పోయాయి, చెంచా పోయింది.
కడిగి బోర్లించిన గ్లాసులా
అతని గొంతొక్కటే మిగిలింది.
పాప స్కేట్లు బిగుతవుతున్నాయని చెప్పాడు.
కొత్తవి కొందామన్నాను.
దానికి అతను ఏమన్నాడో
వినబడలేదు.

రెండు కొసలూ ఉండి తీరాలని
రేపు హోల్గర్‌కి గట్టిగా చెబుతాను.
ఎందుకని అడిగితే
ఆల్ఫిల్డ్ పేరు చెబుతాను.