ఎనభై కౌంటు

ముమ్మిడివరం బస్టాండు ఎదురుగా
పాన్ కార్డులకీ పట్టాదారు నకళ్ళకీ మధ్య
ఏటా రెండు నెలలు
నా కొట్లో డాక్టర్లు తయారవుతారు.
పిల్లలు వేలు చూపిస్తారు, మౌసు నాది.
'లాక్' అన్న మాట మీద నొక్కీ నొక్కీ
నా చూపుడువేలు కాయకాసింది.

నిన్న రాత్రి పదిన్నరకి
షట్టరు సగం దించాక, వంగి లోపలికొచ్చారు
చెయ్యేరు చెరువుల పెచ్చెట్టి సత్తిరాజు గారు,
వెనకాల వాళ్ళమ్మాయి వీరవేణి.
ఆయనకి మోకాళ్ళదాకా ఎండిన బురద.
ఆ పిల్ల చేతిలో ప్లాస్టిక్ కవరు,
అందులో రెండేళ్ళ లాంగ్ టర్మ్.

సంగతి చిన్నదే.
విజయనగరం అవతల ఎక్కడో కొత్త కాలేజీ,
మేనేజ్‌మెంటు సీటు.
పన్నెండులోగా సరేనంటే ఖాయం.
అన్నాక ఇంకే జాబితాలోనూ పేరుండదు,
ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలో.
వద్దని ఆగితే
రెండో విడతలో కాకినాడ రావచ్చు.
నిరుడు ఆఖరి సీటు ఆగిన చోటుకి
ఈ పిల్ల ర్యాంకు నలభై మెట్లు కింద.
మెట్లైతే ఎక్కొచ్చు.
ఇవి మనుషులు.

సత్తిరాజు గారు స్క్రీను చూడలేదు.
రొయ్యల గురించి మాట్లాడారు.
"మూడో చెరువు ఎనభై కౌంటులో ఉందండీ.
ఇంకో నెలాగితే నలభైకొస్తది, రేటు వేరు.
ఆగితే వైట్‌స్పాట్ రాదని
రాసిచ్చేవోడు ఎవడండీ?
ఆ ఏడు ఆగేను. తెల్లారేసరికి
గట్టు పొడుగునా ఎర్రగా..."
ఆపేసి గోళ్ళలో మట్టి తీసుకున్నారు.

"ముందే పట్టేసిన ఏళ్ళో?" అంది వీరవేణి.
"అప్పు తీరిందమ్మా."
"మిగిలిందేంటి నాన్నా?"
ఆయన ఫ్యాను వైపు చూశారు.

నేనూ ఒకప్పుడు ఒక జాబితా కోసం ఆగినవాణ్ణే.
అడిగితే చెప్పేవాణ్ణి.
అడగలేదు, మంచిదైంది.
ఆగడం తప్పనేవాణ్ణో
ఇంకాస్త ఆగాల్సిందనేవాణ్ణో
నాకే తెలీదు.

పదకొండూ నలభైకి కరెంటు పోయింది.
ఇన్వర్టరు మీద స్క్రీనొక్కటే మిగిలింది.
చెక్‌ట్రేలోంచి తీసి టార్చి ముందు పట్టిన రొయ్యకి
లోపలి గీత కనపడినట్టు
ఆ పిల్ల కణత మీద నరం.

సత్తిరాజు గారి ఫోను.
ఏరియేటర్లు ఆగిపోయాయి,
జనరేటరు అందుకోవట్లేదు.
గాలి అందకపోతే గంటలో రొయ్య పైకి తేలుతుంది.
"నువ్వే చూసుకోమ్మా" అన్నారు
ఆ మాట ఎన్నడూ అనని మనిషి,
బండి కిక్కు కొడుతూ.

పదకొండూ యాభై రెండు.
"మౌసు నాకిస్తారా?" అంది.
ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.
ఇచ్చి, ప్రింటరు వైపు తిరిగి
సర్దిన కాగితాలే మళ్ళీ సర్దాను.
రోడ్డు మీద ఐసు నీళ్ళు కార్చుకుంటూ
ఎదుర్లంక వైపు లారీ పోయింది.
క్లిక్ కోసం చెవులు రిక్కించాను.
కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది.
పన్నెండూ రెండు.

"ఎంతండీ?"
"ఏమీ నొక్కలేదుగా, దేనికి?"
"కూర్చున్నందుకు" అని
ఇరవై బల్ల మీద పెట్టింది.
సందు చివర మేనత్త ఇంటిదాకా
వెనక నుంచి టార్చి పట్టాను.
ఒక్కసారీ తిరిగి చూడలేదు,
కవరు మాత్రం చేతులు మార్చుకుంది.

పొద్దున్నే సత్తిరాజు గారు వచ్చారు.
ఒంటినిండా చెరువు వాసన.
"పట్టేశానండీ, ఎనభైకే.
తేలకముందే వల దించేశాం."
వెళ్ళరు, కూర్చోరు.
"అమ్మాయి ఏం చేసిందండీ?"
"ఆగిందండీ."
"ఆయ్" అన్నారు.

మా వైపు ఆ మాటకి
అవుననీ, అలాగేననీ,
వింటున్నాననీ,
ఇంకేం చేస్తాంలెమ్మనీ కూడా అర్థం.
అందులో ఇది ఏదో పోల్చుకునేలోపు
జేబులోంచి తడిసిన ఇరవై తీశారు.

ఇచ్చేసిందండీ, అన్నాను.