చల్లారేదాక

షార్జా, పదో నంబర్ సనాయా.
ఎండల పెట్టిన పానాను పట్టుకుంటే
పానానే మనల్ని పట్టుకుంటది.

ఖల్ఫాన్ ల్యాండ్ క్రూజర్ లిఫ్ట్ మీదుంది.
టర్బో కింద నాలుగు బోల్టుల్ల రెండు లేవు,
ఒకటి తల లేకుంట ఉంది,
నాలుగోది వేలుతోని తిప్పితే తిరిగింది.
దిబ్బ ఎక్కుతుంటే ఇంజను ఈలేసిందట.
ఈల కాదు కొడుకా,
పొగకు దొంగదారి దొరికింది.

"ఈసారి గట్టియి పెట్టు" అన్నట్టు
చేత్తోని సైగ జేసి సంచి విప్పిండు:
స్టెయిన్‌లెస్ బోల్టులు, అద్దమోలె.
మొఖం కనబడ్డది. నాదే. మీసం మీద గ్రీజు.

ఎట్ల చెప్పాలె నాకొచ్చిన అరబ్బీల?
తుప్పు పట్టకపోవుడు ఒక గుణం,
పట్టు ఇడువకపోవుడు ఇంకోటి.
ఇది వేడికి పోత ఇనుముకన్న ఎక్కువ సాగుతది,
బిగువు సడలుతది,
తీసేనాడు మరకు మర కరుచుకొని
ముందుకు రాదు, వెనక్కి పోదు...

"మాఫీ జైన్" అన్న.
అంతే వచ్చింది.

తల తెగినదాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టిన.
ఎర్రగున్నప్పుడే తిప్పితే ఊడొచ్చింది
పాత పన్ను లెక్క.

కుంజుమోన్ దుకాణంల గోడంత డబ్బాలు.
తల మీద పది పాయింట్ తొమ్మిది అని ఉన్నది చూపిండు.
లారీ చాసిస్‌కైతే కండ్లకద్దుకొని తీసుకుందును.
టర్బో కాడ ఇనుము ఎర్రబడుతుంటే
దాని పదును దిగిపోతది,
తల మీది అంకె మాత్రం అట్లనే ఉంటది.
నైలాన్ రింగు నట్టును అడగనే లేదు.
అది నీడపట్టున కూసొని పనిచేసే మనిషి.

అడుగు అరల, చెదలు తిన్న అట్టపెట్టెల
ఇంకనెల్ స్టడ్లు. విమానాల ఇంజన్ల జాతి.
బూడిద రంగు, ఒక్కోటి నలభై ఐదు దిర్హమ్‌లు.
నట్లకు రాగి పూత, నోరు జర నొక్కి
గుండ్రం చెడగొట్టిండ్రు.
ఆ వంకరే వాటి పట్టు.

టైర్ల మీద పదివేలు పోసినోడు
నూట ఎనభైకి కనుబొమ్మ ఎగరేసిండు.

మా మేనమామ బండి గీరకు పట్టా ఎక్కిచ్చేటోడు.
ఎర్రగ కాల్చి, తొడిగి, నీళ్లు గుమ్మరిస్తే
కట్టె మూలిగి ఒదిగేది.
పదేండ్లు మళ్ల అడిగే పని లేదు.
ఆయన లెక్కల ఒక్కటే వేడి, ఒక్కటే చల్లన.
ఈ టర్బోకు
స్టార్ట్ కొట్టిన ప్రతిసారి కొలిమే.

స్టడ్డును పానాతోని దించొద్దు, వేళ్లతోని దించాలె.
అడుగు తాకినంక ఊకోవాలె.
బిగువంత నట్టు చూసుకుంటది.
ఎదురెదురు మూలలు, మూడు విడతలు,
టార్క్ పానా టక్కుమనేదాక.
టక్కుమన్నంక ఇంకో చిటికె తిప్పబుద్ధయితది.
ఎన్ని తెంపిన్నో నేను, ఆ చిటికెకు.

స్టెయిన్‌లెస్‌వి పారెయ్యలేదు.
వేడి తగలకుంట కంటికి తగిలే చోట,
పై కవర్‌కు బిగిచ్చిన.
ఖల్ఫాన్ వాటినే ఫోటో తీసుకున్నడు.

దిబ్బల మీద తిప్పి రాత్రి పదకొండుకు తెచ్చిండు.
మొదటి వేడి తిన్నంక ఇంకోసారి చూడాలె,
పూర్తిగ చల్లారినంక.
ఆగస్టుల ఇక్కడ చల్లారేది ఏముంటది?
చాయ్ సుత చల్లారదు.

షెడ్డులనే అట్ట పరుచుకొని పన్న.
నాలుగింటికి లేచి
మొదటి పాపను పుట్టిననాడు తాకినట్టు
చెయ్యి వెనకదిక్కు ఆనిచ్చి చూసిన.

మూడు నట్లు కదల్లే.
నాలుగోది, ఇంజను గోడ దిక్కుది,
చెయ్యి దూరనిది,
బియ్యపు గింజంత తిరిగి
టక్కుమంది.