పేరు అడిగిన చోట

గురువారం రాత్రుళ్ళు ఫర్వానియాలో
అబూ మిషాల్ దివానియాలో టీ పోసేది నేనే.
చెప్పులు బయట, మాటలు లోపల.
గోడవారన పరుపుల మీద పదకొండు మంది.
టీవీలో పక్కదేశం కాలుతుంటుంది,
మాట్లాడుకోడానికి అడ్డమని
దాని గొంతు తగ్గించి ఉంటుంది.

"పరాయి ట్యాంకు వీధిలో ఉన్నంతకాలం
ఇది దండయాత్రే" అంటాడు
రిటైరైన లెక్కల మాస్టారు.
"పక్కింటి తలుపు మీద సుద్దతో గుర్తు గీసి
పొయ్యేది ట్యాంకా, మామా?"
బ్యాంకులో పనిచేసే మేనల్లుడు.
మాస్టారికి అంకె కావాలి.
ఎంతమంది పోతే యుద్ధం పేరు మారుతుంది?
నెలకు వెయ్యా? రెండు వేలా?
ఆ లెక్క ఎవరో ఎప్పుడో కట్టి పెట్టారంట,
ఏ దేశంలోనో గుర్తు రాలేదు ఆయనకు.

హర్బ్ అహ్లియా. కాదు. అవును. హర్బ్ అహ్లియా.
అహ్ల్ అంటే ఇంటివాళ్ళు.
గుమ్మంలో చేతులు చాచి
"అహ్లన్" అని చుట్టాన్ని పిలిచేదీ ఆ మాటతోనే.
మా పక్క పాలోళ్ళ పోరంటారు,
గెనెం కాడ మొదలైతుంది,
స్టేషన్లో రాసేటప్పటికి పాతకక్షలైతుంది.
నన్నెవరూ అడగలేదు.
చక్కెర ఎంత అని నేనే అడిగినాను.

మూలన బస్రా ముసలాయన ఒక్కడే
ఒక్క మాటా ఆడలేదు.
గ్లాసు మీద చెంచా అడ్డం పెట్టాడు,
చాలని.

తెల్లారుజామున ఉసేనప్ప రూముకొచ్చినాడు.
ట్రైలర్ నిండా నీళ్ళ సీసాలు వేసుకుని
పోయిన శుక్రవారం సరిహద్దు దాటినోడు.
బూట్లిప్పలేదు. మంచం అంచున కూర్చున్నాడు.
సద్దిమూట తెరిచినట్టు నిదానంగా చెప్పినాడు:
"మొదటి ట్రిప్పుల్లో కాయితం అడిగేటోళ్ళు.
ఎవరి సరుకు, ఎవరి సంతకం, ఎవరి ముద్ర.
ఈసారి కాయితం చూడలేదురా.
పేరడిగినారు."

టైరు పగిలి కాన్వాయ్ వెనక పడినాడంట హిల్లా దాటినాక.
ఒక కాపలా కాడ పాస్‌పోర్టు చదివి
హుసేన్, హుసేన్ అని భుజం ముద్దాడినారు,
దోసిలి నిండా ఖర్జూరాలు పోసినారు.
ఆరు కిలోమీటర్లు.
నోట్లో గింజ ఇంకా ఉంది.
ఇంకో కాపలా. అదే పేరు చదివి
మోకాళ్ళ మీద కూలేసినారు.

ముగ్గురు బిడ్డలు పుట్టి పోయినాక
పీర్లసావిడి కాడ కొంగుపరిచి
వాళ్ళమ్మ అడిగి తెచ్చుకున్న పేరది.
ఇంటిపేరు బోయ. ఇలవేల్పు ఆంజనేయుడు.
అగ్గిగుండం చుట్టూ వాళ్ళ నాయన
తప్పెట కొట్టినాడు పదేండ్లు,
ఏ ఊరోళ్ళూ అడగలేదు నువ్వెవరని.

"ఎట్ట వదిలినారు?"
చొక్కా చేయి పైకి మడిచి చూపించినాడు.
పచ్చబొట్టు. తోక, గద, సగం చెదిరిన కొండ.
"నవ్వినారు. అంత పొద్దు నవ్వినారు.
ఒకడు దాన్ని గోరుతో గీకి చూసినాడు
చెరిగిపోతుందేమోనని."
నేనూ నవ్వబోయి
వాని చేతులు చూసి ఆపుకున్నాను.

మళ్ళా గురువారం.
మాస్టారు కొత్త పేపరు తెచ్చాడు,
మేనల్లుడు ఇంకా కొత్తది.
ముసలాయన రాలేదు. ఆయన పరుపు మీద
ఎవరిదో కోటు.
అంకె తేలలేదు, టీ రెండు సార్లు కాచాను.
హర్బ్ అహ్లియా నా నోటిదాకా వచ్చింది,
ఉసేనప్ప సంగతి చెప్పాలని,
ఏ యుద్ధమో తెలుసుకోవాలంటే
కాపలా కాడ ఏమడుగుతారో వినండని.
పోసే చేయి పోస్తానే ఉంది.

రెండింటికి రూముకెళ్ళి తలుపు కొట్టాను.
"ఉసేనప్పా."
లోపల మంచం కిర్రుమంది. పలుకు లేదు.
"ఉసేనప్పా, నేనురా."
గొళ్ళెం దగ్గరదాకా వచ్చి ఆగిన అడుగులు.
తలుపు వెనకాల ఊపిరి.
"ఎవరు కావాల?" అన్నాడు
అరబ్బీలో.